మందు కొట్టని మడి

"మంచి ఆకులన్నీ వదిలేసి మచ్చలు పడ్డవే కోసుకుంటున్నారేంటండీ?"

ఆ అమ్మాయి తలెత్తలేదు. మిరప సాళ్ల మధ్య గొంతుక్కూర్చుని, చిన్న కత్తెరతో ఆకులు కత్తిరించి కవర్లో వేసుకుంటోంది.

"మంచి ఆకుల్లో నాక్కావలసినవాళ్లు దొరకరండి" అంది.

"ఎవరు వాళ్లు?"

"బ్యాక్టీరియా."

ఉదయ్ కుమార్‌కి నవ్వొచ్చింది గాని ఆపుకున్నాడు. సొంత పొలంలో పరాయి మనిషిని నిలదీయడానికి వచ్చినవాడు మొదటే నవ్వేస్తే బాగుండదు.

"ఈ పొలం మాది. ఆకులూ మావే, వాటి మీద బతికేవీ మావే. అడిగి కోసుకోవాలి కదా."

"అడిగాను. ఆవిడ కోసుకోమ్మా అన్నారు."

ఆవిడంటే అతని తల్లి సామ్రాజ్యం. గట్టు మీద కూర్చుని, కొడుకు గొడవపడుతుంటే సినిమా చూస్తున్నట్టు చూస్తోంది.

అమ్మాయి లేచి మోకాళ్లకంటిన నల్లమట్టి దులుపుకుంది. పేరు తేజశ్రీ అని చెప్పింది. మంగళగిరిలో నేతపని వాళ్ల అమ్మాయి. గుంటూరులో మైక్రోబయాలజీ పరిశోధన చేస్తోంది. ఆమె పని ఏమిటో వినుకొండ చుట్టుపక్కల ఏ మిరప రైతుకైనా ఇట్టే అర్థమవుతుంది. వానలు పడగానే ఆకుల మీద నల్లమచ్చలు వస్తాయి. అది బ్యాక్టీరియా తెగులు. దానికి కొట్లో చిన్న ప్యాకెట్లో ఒక పొడి దొరుకుతుంది, మనుషులకిచ్చే యాంటీబయాటిక్ జాతిదే. వాడొద్దని అధికారులు చెబుతున్నా, కొట్లో అడిగితే ఇస్తూనే ఉన్నారు. ఒకప్పుడు ఒక్కసారి కొడితే తగ్గేది. ఇప్పుడు మళ్లీ మళ్లీ కొట్టినా తగ్గడం లేదు. ఆ పొడికి లొంగని బ్యాక్టీరియా చేలల్లో తయారైంది.

"ఒక మూల చిన్న మడి నాకు వదిలేయండి" అంది తేజశ్రీ. "మిగతా మందులు మీ ఇష్టం. ఆ పొడి మాత్రం ఈ సీజనంతా అందులో పడకూడదు. పొడి ఆపేస్తే ఆ మొండి బ్యాక్టీరియా ఉంటుందో, పోతుందో చూడాలి."

"కుదరదండి" అన్నాడు ఉదయ్.

ఆ మాట అతను ఆలోచించి అనలేదు. ఈమధ్య అతని నోట్లోంచి ముందు వచ్చేది అదే. ఇంజనీరింగ్ చదివి, హైదరాబాద్‌లో కొన్నాళ్లు ఉద్యోగం చేసి, అది మనసుకి పట్టక సేద్యంలోకి దిగినవాడు. సేద్యం బాగానే పట్టింది. కాని పెళ్లిచూపుల్లో 'అబ్బాయి ఏం చేస్తుంటాడు' అనే ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి ప్రతి ఇంట్లోనూ మాటలు తగ్గిపోయేవి. మొదటి అమ్మాయి వద్దన్నప్పుడు బాధపడ్డాడు. రెండో అమ్మాయి వద్దన్నాక పొలానికి వెళ్లబుద్ధి కాలేదు. ఆ తర్వాత ఒక ఉపాయం దొరికింది. ఎవరైనా సంబంధం తెస్తే, ఫోటో చూడకముందే తనే వద్దనేవాడు. వాళ్లకంటే ముందు తను అనేస్తే నొప్పి తెలియదు. ఉపాయం ఎంత బాగా పనిచేసిందంటే, పోనుపోను సంబంధాలకే కాదు, దేనికైనా ముందు ఆ మాటే వచ్చేది. తనకి ఏది కావాలో చూసుకునే తీరిక కూడా ఇచ్చేది కాదు.

"వాడట్టాగే అంటాడు, నువ్వు పట్టించుకోకమ్మాయ్" అంది సామ్రాజ్యం. "ఆ మోటారు పక్క మూల తీసుకో."

"చాలా థాంక్స్ పిన్నిగారూ."

"పిన్ని కాదు. అత్తా అను."

పిన్ని అయితే కొడుకు అన్న అవుతాడు. ఆ లెక్క అక్కడున్న ముగ్గురికీ తెలుసు. తేజశ్రీ కవర్లు సర్దుకోవడంలో మునిగిపోయింది. ఉదయ్‌కి ఉన్నట్టుండి మోటారు స్టార్టరు చూడవలసిన పని గుర్తొచ్చింది.

తేజశ్రీ వారానికోసారి వచ్చేది. వినుకొండ బస్టాండులో దిగితే ఉదయ్ బైకు మీద తీసుకొచ్చేవాడు. మొదటిసారి తల్లి పంపితే వెళ్లాడు. తర్వాత తల్లి చెప్పకముందే, పెట్రోలు పోయించుకోవాలని బయల్దేరేవాడు.

"మీ బండి పెట్రోలు బాగా తాగుతుందనుకుంటా" అంది ఆమె ఒకరోజు.

"పాతదండి. మైలేజీ లేదు."

"పోయిన నెలలోనే కొన్నారని అత్తయ్యగారు చెప్పారే."

అద్దంలో ఆమె మొహం కనిపిస్తోంది. నవ్వడం లేదు. నవ్వకుండా ఉండటానికి కష్టపడుతోంది. దారిలో గుంట చూసుకోక బండి ఎగిరిపడింది. ఆమె అతని భుజం పట్టుకుంది, వెంటనే వదిలేసింది. ఆ రోజంతా ఆ భుజం మీదికి ఏ బరువూ ఎత్తుకోబుద్ధి కాలేదు అతనికి.

కార్తీకం వెళ్లేముందు ఒక మధ్యాహ్నం వాన పట్టుకుంది. మెరుపులూ ఉరుములూ లేకుండా, చెప్పాపెట్టకుండా వచ్చిన చుట్టంలాంటి వాన. ఇద్దరూ మోటారు షెడ్డులోకి పరిగెత్తారు. షెడ్డులో ఇద్దరు నిలబడటానికే చోటుంది. అది కూడా ఒకళ్లు పైపుల మీద కాలు పెడితేనే. ఉదయ్ పైపుల మీద నిలబడ్డాడు.

"ఒక సంగతి చెప్పనా?" అంది తేజశ్రీ. ఆకుల కవర్లని గుండెకి ఆనించి పసిపిల్లలా పట్టుకుని ఉంది. "తగ్గుతున్నాయి."

"వానలా? ఇప్పుడే కదా మొదలైంది."

"మొండివి. ఆకులు కడిగిన నీళ్లు ల్యాబులో రెండు ప్లేట్లలో పోస్తాను. ఒకదాంట్లో ఆ పొడి ఉంటుంది, ఒకదాంట్లో ఉండదు. పొడి ఉన్న ప్లేటులో పెరిగేవి మొండివి. మీ పెద్దచేలో అవి అలాగే ఉన్నాయి. నా మడిలో మాత్రం వారం వారం తగ్గుతున్నాయి."

"మందుకే చావనివి, మందు లేకపోతే తగ్గడమేంటండీ?"

"మీరు మందు పంపు పట్టినప్పుడు ఏం వేసుకుంటారు?"

"రెయిన్‌కోటు, మాస్కు, బూట్లు. అమ్మ గొడవ భరించలేక."

"అవన్నీ వేసుకుని కూలీలతో పాటు కాయలు కోయండి. ఎవరు ముందుంటారు?"

ఉదయ్ ఊహించుకున్నాడు. ఎర్రటి ఎండలో కోటూ బూట్లతో తను, పక్క సాలులో చీరకొంగు బొడ్లో దోపుకుని కబుర్లాడుతూ వెళ్లిపోతున్న ఆడవాళ్లు. "సాలు సగంలోనే పడిపోతాను. నవ్వి చస్తారు."

"అదే. మందు పడుతుంటే కోటు ఉన్నవాడే బతుకుతాడు. మందు ఆగిపోతే ఆ కోటే వాడికి బరువు. బ్యాక్టీరియా కూడా అంతే. తన ఒంట్లో మందు వచ్చి పట్టుకునే చోటుని మార్చేసుకుంటుంది, బతుకుతుంది. కాని ఆ చోటు చేయవలసిన పని మునుపటిలా సాగదు. పెరగడం నెమ్మదిస్తుంది. తప్పించుకోవడానికి అది చెల్లించే ధర అన్నమాట."

ఆమె బ్యాక్టీరియా గురించే చెబుతోందని ఉదయ్‌కి తెలుసు. అయినా ఎవరో తన గదిలోకి వచ్చి తలుపు వేసి కూర్చున్నట్టుగా ఉంది.

"అయితే అన్నీ అలా పోతాయా?"

"పోవు. అక్కడే నా భయమంతా. కొన్ని కోటు విప్పవు. ఆ బరువుతోనే మామూలుగా నడిచేలా ఇంకోచోట సర్దుకుంటాయి. అప్పుడిక మందు ఆపినా లాభం లేదు. పక్కవాటితో సమానంగా పెరుగుతాయి."

"వాటిని ఎట్టా గుర్తుపడతారు?"

"చూస్తే తెలియదు. వేరే వాటి పక్కన పెట్టి పెంచాలి." ఆమె అతని వైపు తిరిగింది. జుట్టు కొసల నుంచి నీళ్లు కారుతున్నాయి. "ఎందుకడిగారు?"

'నేను ఏ రకమో తెలుసుకుందామని' అనాలనిపించింది. "ఊరికేనండి. మా పొలంలో ఎవరెవరు కాపురముంటున్నారో తెలియాలిగా" అన్నాడు.

ఆమె నవ్వింది. నవ్వించగలిగినందుకు సంతోషపడ్డాడు. చెప్పవలసింది చెప్పకుండా తప్పించుకున్నానని కాసేపటికి గాని తట్టలేదు.

ఆ తర్వాత తుపాను వచ్చింది. వదిలాక చూస్తే చేలన్నీ మచ్చలే. మందు కొట్టే తైవాన్ పంపుల మోత ఊరంతా వినిపిస్తోంది. మోటారు కాలిపోతే బాగుచేయించడానికి ఉదయ్ నరసరావుపేట వెళ్లి, మర్నాడు తిరిగొచ్చాడు.

సామ్రాజ్యం వాకిట్లోనే ఎదురైంది. మొహం వెలిగిపోతోంది.

"మన చేను సంగతి తర్వాత, ముందు ఆ పిల్ల మడికి కొట్టించానురా. మోతాదు కూడా కాస్త ఎక్కువే కలిపించా."

ఉదయ్ బండి స్టాండు వేయడం మర్చిపోయాడు. "ఏం కొట్టించావ్?"

"అదే, కాపరు మందూ, ఆ ప్యాకెట్టు పొడీ. మచ్చలు పడి ఎట్టా ఉందో చూశావా? పక్కచేల వాళ్లు అడుగుతున్నారు, చదువుకున్న పిల్ల సేద్యం ఇదేనా అని. రేపు ఈ ఇంటికి రావాల్సిన పిల్లని అట్టా అంటుంటే నేను చూస్తూ ఊరుకోనా?"

"అమ్మా, ఆ పొడి కొట్టకూడదనేగా మడి ఇచ్చింది."

"కొట్టకపోతే బతుకుద్దో లేదో చూడటానికన్నావు. చూసిందిగా, బతకట్లేదు. ఇంకెంత చూడాలి?"

మందు కొట్టకుండా వదిలేయడం కూడా ఒక పనేనని ఆమెకి ఎలా చెప్పాలో ఉదయ్‌కి తెలియలేదు. జబ్బుగా ఉన్న మొక్కకి మందు వేయడం ఆమెకి ఆకలిగా ఉన్నవాడికి అన్నం పెట్టడం లాంటిది. పెద్దచేనుని పక్కనపెట్టి మరీ పెట్టింది. కోప్పడదామంటే కోపం నిలవలేదు.

"చెప్పకు" అంది సామ్రాజ్యం, కొడుకు మొహం చూసి. గొంతు తగ్గింది. "ఆకులు బాగుపడితే ఆ పిల్ల సంతోషిస్తుందిగా."

సంతోషించదని అతనికి తెలుసు. మర్నాడే ఆమె వచ్చి ఆకులు కోసుకెళుతుంది. సంవత్సరం చివర ఆమె పరిశోధన చూసే కమిటీ ముందు పెట్టవలసిన శాంపిల్ అది. పొడి పడ్డాక మొండివి మళ్లీ పైకి లేస్తాయి. తను చెప్పకపోతే, ఆమె అవి కోటుతోనే నడవడం నేర్చుకున్నాయనుకుంటుంది. పొడి ఆపినా లాభం లేదని రాస్తుంది. అది చదివి ఎవరో ఎక్కడో రైతులకి అదే చెబుతారు. చెబితే మాత్రం ఆమె ఏడాది పని మట్టిలో కలుస్తుంది. ఈ ఊరికి మళ్లీ రావలసిన అవసరం ఉండదు.

చెప్పకుండా ఉంటే ఇంకొన్ని వారాలు వస్తుంది. ఆ ఆలోచన తనదేనని గుర్తించినప్పుడు అతనికి భయం వేసింది.

మర్నాడు బస్టాండు నుంచి ఉదయ్ ఆమెని నేరుగా పొలానికి తీసుకొచ్చాడు. మడి దగ్గర బండి ఆపాడు. ఆమె కత్తెర తీస్తుంటే, "కోయకండి" అన్నాడు. "పొడి పడింది. మొన్న పొద్దున అమ్మ కొట్టించింది. నేను ఊళ్లో లేను."

తేజశ్రీ కత్తెర దించింది. తర్వాత, ల్యాబులో అలవాటైన గొంతుతో అడగడం మొదలుపెట్టింది.

"ఎంత మోతాదు?"

"అందరూ వేసేదానికంటే కాస్త ఎక్కువ."

"ట్యాంకులో మిగిలిన మందా?" ఆమె కళ్లలో ఆశ కనిపించింది. పని అయ్యాక ట్యాంకు అడుగున మిగిలిన మందుని ఎవరూ పారబోయరు, పక్కనున్న సాళ్ల మీద కొట్టేస్తారు. "మిగిలింది అయితే ఈ అంచున పడి ఉంటుంది. మధ్య సాళ్లు నాకు పనికొస్తాయి."

అవునంటే చాలు. ఆమెకి సగం మడి దక్కుతుంది, అతనికి సగం గండం తప్పుతుంది. తల్లి మనసులో ఏముందో చెప్పవలసిన పనే ఉండదు.

"కాదండి. కొత్త ట్యాంకు. మొదట మీ మడికే కొట్టించింది. మిగిలింది మా చేలో కొట్టారు."

"అలా ఎవరైనా చేస్తారా? మీ చేను వదిలేసి ముందు నాకెందుకు?"

ఉదయ్ గట్టు వైపు చూశాడు, మోటారు వైపు చూశాడు. ఈసారి జోకు దొరకలేదు.

"మా అమ్మ మిమ్మల్ని కోడలనుకుంటోంది. కోడలి మడి చూసి ఊరు నవ్వకూడదని."

తేజశ్రీ కవరు మడతపెట్టింది. విప్పింది. "అలా అనుకోమని మీరు చెప్పారా?"

"లేదు."

"వద్దని చెప్పారా?"

"అన్నిటికీ వద్దంటాను. దీనికి అనలేకపోయాను."

ఎక్కడో పంపు ఆగింది. ఆమె కత్తెర మూసి లోపల పెట్టేసింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి గాని జారనివ్వలేదు.

"నా ఏడాది పోయిందండి" అంది. "ఇంకేదీ వినేలా లేను ఇప్పుడు. నన్ను బస్టాండులో దింపేయండి."

దింపాడు. బస్సు కదిలేదాకా ఆమె కిటికీలోంచి బయటికి చూడలేదు.

మిరప కోతకొచ్చింది. ఉదయ్ ఫోను తీసేవాడు, పెట్టేసేవాడు. ఇంతకుముందు అమ్మాయిలు వద్దన్నప్పుడు కలిగిన బాధలో అవమానం ఎక్కువ. ఇందులో అవమానం లేదు. ఒక మనిషి లేకపోవడం ఉంది, అంతే. ఇది పాతదానికంటే ఎక్కువ నొప్పిగా ఉండటం, అయినా దీన్ని వదిలించుకోవాలని లేకపోవడం అతనికి వింతగా అనిపించింది. తల్లి మరో సంబంధం మాట ఎత్తితే అలవాటుగా కస్సుమనలేదు. "నాకు ఆ అమ్మాయే కావాలమ్మా. రాకపోయినా అంతే" అన్నాడు. తను కొట్టించిన పొడి వల్లే ఆ పిల్ల రావడం లేదని తెలిసిన సామ్రాజ్యం ఆ సాయంత్రం అన్నం సరిగా తినలేదు.

కళ్లంలో కాయలు ఎర్రగా పరుచుకుని ఉండగా, ఒక ఉదయం ఆటో వచ్చి ఆగింది. తేజశ్రీ దిగుతూనే ఘాటుకి తుమ్మింది. తుమ్ముతూనే దగ్గరికి వచ్చింది.

"కమిటీకి ఉన్నది ఉన్నట్టు చెప్పాను" అంది. "మొదటి సగం వరకు లెక్కలోకి తీసుకున్నారు. వచ్చే సీజన్ మళ్లీ చేయాలి."

"మీకు చాలా నష్టం చేశాం."

"చెప్పకపోయుంటే ఇంకా నష్టం. తప్పు రాసేదాన్ని. అది తప్పని నాకెప్పటికీ తెలిసేది కాదు." ముక్కు తుడుచుకుంది. "మడి మారుస్తున్నాను. పక్కనే ఈపూరు దగ్గర ఒకాయన ఇస్తానన్నారు."

"మంచిదేనండి" అన్నాడు ఉదయ్ వెంటనే.

"ఎవరికి?"

"మీ పనికి."

"మీకు?"

కాయలు తిరగేసే కర్ర అతని చేతిలో ఉంది. దాన్ని కింద పెట్టాడు. "నాకు మంచిది కాదు. మీరు ఇక్కడికే రావాలని ఉంది. పని ఉన్నా, లేకపోయినా. కాని మా అమ్మని మీ మడికి దూరంగా ఉంచడం నా వల్ల కాదు. అందుకని మార్చుకోమంటున్నాను."

తేజశ్రీ వచ్చాక మొదటిసారి నవ్వింది.

"మా ఇంట్లో మగ్గం, వంటిల్లు పక్కపక్కనే. అమ్మ నేస్తుంటే మా నాయనమ్మ వచ్చి, పాపం అలిసిపోయిందని నాలుగు పోగులు తను వేసేది. ప్రేమతోనే. ఆ నాలుగు పోగుల దగ్గరే చీర తేడా వచ్చేది. ఇద్దరూ మంచివాళ్లే, రోజూ గొడవే." ఆగింది. "అందుకే మడి ఈపూరులో పెడుతున్నాను. పని అక్కడ ఉంటే, ఈ ఇంటికి గొడవ లేకుండా రావచ్చు."

ఆ మాట అర్థం కావడానికి అతనికి కొంత సమయం పట్టింది. అర్థమయ్యాక ఏం చేయాలో తెలియక, కింద పెట్టిన కర్ర మళ్లీ తీసుకున్నాడు.

"నాన్నకి చెప్పాను" అంది ఆమె. "మాట్లాడతానన్నాడు. మా వాళ్లు మగ్గం ఆపేది అమావాస్య నాడే. ఆ రోజు రండి."

"అమావాస్య నాడు పెళ్లి మాటలేంటమ్మాయ్?" అంది వెనకనుంచి సామ్రాజ్యం. ఎప్పుడొచ్చి నిలబడిందో ఇద్దరూ చూడలేదు. "మా రైతులం ఆ రోజు గడప దాటి శుభకార్యానికి పోం. దశమి పోనీ, ఏకాదశి పోనీ..."

ఆమె ఆగిపోయింది. కొడుకు మొహం చూసింది, పిల్ల మొహం చూసింది. చెంగుతో చేతులు తుడుచుకుంది.

"సరేలే. వాళ్ల పని ఆపొద్దు" అంది. "అమావాస్య నాడే వస్తాం. ఏం తేవాలో మాత్రం ముందే చెప్పమ్మా. నా ఇష్టప్రకారం ఏమీ తేను."